సుగ్గికి పోని ఏడాది

గోవిందన్న మనుషులు చెరువుకట్ట మీద నుంచి నీళ్ళదాకా దుంగలు పరిచి, మోకులు పట్టుకుని నిలబడ్డారు. గోవిందన్న, ఇంటి చుట్టూ ఒకసారి తిరిగి, బోల్టులను సుత్తితో తట్టి చూసి, చెయ్యి పైకెత్తాడు. ఇల్లు కదిలింది.

ఇల్లంటే నిజంగా ఇల్లే. అడుగున ఇనుప చట్రంలో వరసలుగా బిగించిన నీలం ప్లాస్టిక్ డ్రమ్ములు, వాటి మీద రెండు గదులు, రేకుల కప్పు, ముందు వైపు చిన్న వసారా. ఎమ్మిగనూరులోని గోవిందన్న షెడ్డులో ముక్కలుగా చేసి, ట్రాక్టర్ల మీద ఇక్కడికి తెచ్చి బిగించారు. కౌతాళం దాటాక ఉన్న ఈ చెరువు కాలువ నీళ్ళతో నిండుతుంది. సంక్రాంతి దాటి వారం కూడా కాలేదు కాబట్టి నీళ్ళు ఇంకా కట్టను తాకుతూనే ఉన్నాయి.

కృతి మోకాలి లోతు నీళ్ళలో నిలబడి ఇంటి అడుగు వైపే చూస్తోంది. ఈ ఇంటిని కాగితం మీద గీసింది ఆమె. ఆదోనిలో పెరిగి, ఆర్కిటెక్చర్ చదివి, మచిలీపట్నంలో ఒక చిన్న సంస్థలో చేరింది. కృష్ణ సముద్రంలో కలిసే చోట ఏటా మునిగే లంక ఊళ్ళకు తేలే ఇళ్ళు కట్టించాలన్నది ఆ సంస్థ ప్రయత్నం. మొదటి ఇంటిని అక్కడికి తీసుకుపోయే ముందు నిలకడ నీళ్ళ మీద పెట్టి, ఒక కుటుంబాన్ని కొన్నాళ్ళు ఉంచి చూడాలనుకున్నారు. సంస్థను నడిపే సుధన్వది మంత్రాలయం. గోవిందన్న ఆయనకు పాత స్నేహితుడు. అట్లా ఈ పని ఇటు వచ్చింది.

ఇల్లు నీళ్ళలోకి జారి, ముందుకు ఒరిగి, మళ్ళీ సర్దుకుని నిలబడింది. కట్ట మీది జనం కేకలు వేశారు. కృతి మాత్రం డ్రమ్ముల చట్రం మీద తెల్ల పెయింటుతో గీయించిన గీతను చూస్తోంది. మనుషులూ సామానూ ఎక్కాక ఇల్లు ఆ గీతదాకా నీళ్ళలో దిగాలి. అంతకు మించి దిగకూడదు. దిగకపోతే ఏమవుతుందని ఆమె పెద్దగా ఆలోచించలేదు.

ఇంట్లో ఉండబోయే కుటుంబం తుంగభద్ర ఒడ్డునున్న పక్క ఊరి నుంచి నడిచి వచ్చింది. ముందు ఉరుకుందు, నెత్తిన ఇనుప పెట్టె. వెనక అతని భార్య మారెమ్మ, పక్కబట్టల మూటా జొన్నల సంచీ పట్టుకుని. వాళ్ళ కూతురు అశ్విని బడి బ్యాగుతోపాటు ఒక టేబుల్ ఫ్యానును ఒళ్ళో బిడ్డలాగా మోసుకొచ్చింది. ఇంకో తిరుగుడులో గ్యాసు బండ, పొయ్యి, గిన్నెలు, రెండు బిందెలు, ఒక ప్లాస్టిక్ కుర్చీ వచ్చాయి. అన్నీ కట్ట నుంచి వసారాకు వేసిన చెక్క పలక మీదుగా లోపలికి చేరాయి.

కృతి వంగి చూసింది. తెల్ల గీత నీళ్ళకు జానెడు పైనే ఉంది.

"మిగతా సామాను ఎప్పుడొస్తుంది అక్కా?"

మారెమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "ఇంగేముండాది మేడం? అంతే."

ఇనుప బీరువా, మంచాలు, ఫ్రిజ్జు, గ్రైండరు, బియ్యం మూటలు - ఇంట్లో ఎంత బరువు ఉంటుందో లెక్క కట్టేటప్పుడు కృతి పుస్తకాల్లో ఉన్న అంకెలు తీసుకుంది. ఇంకా ఎక్కువే ఉంటుందేమోనని కొంత కలిపింది కూడా. ఎంత తక్కువ ఉండవచ్చో లెక్క కట్టమని ఏ పుస్తకమూ చెప్పలేదు.

సాయంత్రానికి గాలి లేచింది. కింద బరువు లేని ఇల్లు కప్పుకు గాలి తగిలినప్పుడల్లా అటూ ఇటూ ఊగింది. అశ్విని వసారా గుంజను కరుచుకుని నిలబడింది. ఉరుకుందు కట్ట మీద నుంచి అరిచాడు: "ఇద్దరూ ఒగ పక్కకు రావాకండి! నడుమ కూసోండి!"

కృతి గోవిందన్నను పక్కకు పిలిచింది. "లోపల బరువు పెట్టాలన్నా. ఇసుక మూటలు."

"ఎన్ని?"

"గీత దిగేదాకా."

చీకటి పడేలోపు సిమెంటు సంచుల్లో ఇసుక నింపి, ముందు గదిలో రెండు గోడల వెంబడి పేర్చారు. ఒక్కో మూట పడుతున్నకొద్దీ ఇల్లు కొంచెం కొంచెం నీళ్ళలోకి దిగింది. వాళ్ళకు లేని బీరువా ఇది, లేని మంచాలు ఇవి అని కృతికి అనిపించింది. గీత నీటికి తగలగానే ఊగడం తగ్గింది. మారెమ్మ పొయ్యి వెలిగించింది.

*

మరుసటి రోజు కృతి ఆదోని నుంచి స్కూటీ మీద వచ్చేసరికి అశ్విని బడికి పోయింది. ఉరుకుందు కట్ట మీద మిగిలిన ఇసుక ఎత్తుతున్నాడు. కృతి పలక మీద నుంచి వసారాలోకి అడుగుపెట్టి ఆగిపోయింది.

లోపల ఎర్రమన్ను వాసన. రెండు గోడల వెంబడి ఉన్న ఇసుక మూటలు కనిపించడం లేదు. వాటి సందులన్నీ మన్నుతో పూడ్చి, పైన పేడా మన్నూ కలిపి మెత్తి, మారెమ్మ వాటిని తిన్నెలుగా మార్చేసింది. ఒక తిన్నె ఆరుతోంది. రెండోదాని ముందు ఆమె గొంతుక్కూర్చుని అరచేత్తో అంచు నున్నగా దిద్దుతోంది. పక్కనే కొబ్బరి చిప్పలో కలిపిన జాజు ఉంది, అలికినది ఆరాక ఎర్ర పట్టీలు పెట్టడానికి.

"ఎంత బాగుంది అక్కా," అంది కృతి. నిజంగానే అంది. తను గీసిన గది మొదటిసారి గదిలాగా కనిపించింది. ఫోను తీసి ఫొటో తీసుకుంది. తర్వాత బకెట్లోని చెరువు నీళ్ళలో చేతులు తడుపుకుంటూ తిన్నె అంచును అంత ఓపికగా దిద్దుతున్న మారెమ్మను చూసి, మామూలుగా, నవ్వుతూనే అంది: "పది దినాల్లో విప్పి తీసుకుపోయే ఇంటికి ఎందుకక్కా ఇంత కష్టపడతావు?"

మారెమ్మ చెయ్యి తిన్నె మీదే ఆగింది.

"విప్పేదేంది?"

"ఇల్లు. విప్పి లారీలో సముద్రం పక్కకు పంపిస్తాం కదా. అక్కడి వాళ్ళకు."

మారెమ్మ తలెత్తి కృతి మొహంలోకి చూసింది. ఏదో తమాషాకు అంటోందేమోనని చూసినట్టు చూసింది. తర్వాత చేతికంటిన మన్ను వైపు చూసుకుంది.

"బసప్ప మాకే అన్న్యాడే," అంది చిన్నగా. "మీరుండి సూపిచ్చండి, పాసైతే ఇల్లు మీదే అని సెప్పినాడు."

డ్రమ్ముల కింద నీళ్ళు బుడబుడమంటున్నాయి.

"ఈ ఏడు సుగ్గికి గూడ పోకపోతిమి," అంది మారెమ్మ. కోపంగా కాదు. లెక్క తప్పిన మనిషి మళ్ళీ మొదటి నుంచి కూడుకుంటున్నట్టు అంది. "కూలీల మేస్త్రీ వచ్చి పిలిచినా రామంటిమి. మిరప కోతలకు ఊరంతా గుంటూరు పాయ. ఇల్లొస్తాది, పాప బడి గూడ నిలబడతాది అనుకుంటిమి."

ఆమె లేవలేదు. బకెట్లో చెయ్యి ముంచి, దిద్దుతున్న అంచును చివరిదాకా దిద్దింది. ఆ మూల కూడా మూసింది. అంతా అయ్యాక జాజు చిప్పను తీసుకుపోయి చెరువులో వంపేసింది. నీళ్ళు కాసేపు ఎర్రగా ఉండి, మామూలుగా అయిపోయాయి.

*

బసప్పది ఆదోని. ఈ పనికి మనుషుల్నీ స్థలాన్నీ కుదిర్చింది అతనే. కౌతాళం బస్టాండు పక్క టీ కొట్లో దొరికాడు. కృతి కూర్చోకుండానే అడిగింది.

"ఇల్లు వాళ్ళకే అని చెప్పినావా బసప్పన్నా?"

అతను గ్లాసు కింద పెట్టాడు. "అన్న్యానమ్మా. ఏం జేయాల? నేను పోయేసరికి అందురూ సుగ్గికి మూటలు కడతాండిరి. ఒక్క కుటుంబమన్నా ఉండాల గదా? పని చెడిపోతాదని అన్న్యా." గొంతు తగ్గించాడు. "అబద్ధమని గూడ అనుకోలేదు. ఇంత ఇల్లు మళ్ళా సముద్రందాకా ఎవురు మోస్తారు, ఆఖరుకు ఈడనే ఇడిసిపెడతారులే అనుకున్న్యా."

"నన్ను ఒక్క మాట అడిగి ఉండొచ్చు కదా."

"అడిగితే కాదందువు. అప్పుడు వాళ్ళూ పోయిందురు."

అతను దుర్మార్గుడైతే బాగుండుననిపించింది కృతికి. అతను ఆమె టీ కోసం చెయ్యి ఊపాడు. ఆమె తాగకుండానే బయటికి వచ్చి సుధన్వకు ఫోన్ చేసింది.

ఆయన మొత్తం విన్నాడు. ఊరికే కొట్టిపారేసే మనిషి కాదు.

"తప్పే," అన్నాడు చివరికి. "కానీ కృతీ, డబ్బు పెట్టే ముంబై వాళ్ళు ఎల్లుండి వస్తున్నారు. వాళ్ళు చూసి సరేనంటేనే మనకు తీరంలో పని. ఈ ఫ్రేమ్ జూన్ లోపల అక్కడికి చేరకపోతే ఇంకో వానాకాలం పోతుంది. సుభద్రమ్మను నువ్వు చూశావు కదా."

కృతి చూసింది. లంకలో ఆమె ఇంటి గోడ మీద ఏ ఏడు నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో మరకలు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. మొదటి ఇల్లు ఆమెకే అని చెప్పింది కూడా తనే.

"వాళ్ళు వచ్చి వెళ్ళేదాకా ఈ కుటుంబాన్ని ఉండమను. తర్వాత నిదానంగా ఏదో ఒకటి చేద్దాం," అన్నాడు సుధన్వ.

ఆదోనిలో ఇంటికి చేరేసరికి తల్లి అంబాబాయి వంటింట్లోంచే "ఊట మాడ్తీయా?" అని అడిగింది. ఇంట్లో వాళ్ళది కన్నడమే. కృతి ఆకలి లేదంది. తండ్రి వెంకోబారావు పెద్దకడుబూరు హైస్కూల్లో చాలా ఏళ్ళు లెక్కలు చెప్పి రిటైరయ్యాడు. విషయం విని కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకున్నాడు.

"సంక్రాంతి సెలవులయ్యాక బడికి పోతే సగం బెంచీలు ఖాళీ," అన్నాడు. "తల్లిదండ్రులతో సుగ్గికి వలస పోయినవాళ్ళు ఉగాదికి గానీ రారు. వచ్చినాక వెనకబడి, రెండేళ్ళకు మానేస్తారు. ఆ పిల్ల ఈ ఏడు బడిలో ఉందా?"

"ఉంది."

"అయితే వాళ్ళు ఇల్లొకటే కోరుకోలేదు," అన్నాడాయన. కృతి ఆ రాత్రి సరిగ్గా నిద్రపోలేదు.

*

పొద్దున ఆమె పోయేసరికి ఉరుకుందు పెట్టెకు తాడు కడుతున్నాడు. కృతిని చూసి కూడా చూడనట్టు ముడి బిగించాడు.

"క్షమించన్నా," అంది కృతి. "నాకు తెలియదు. తెలియకపోవడం కూడా నా తప్పే."

"మీ తప్పు మీరు పెట్టుకోండి మేడం. మాకేం కావాల దాంతో?" అన్నాడు ఉరుకుందు. "మేస్త్రీ ఫోను ఎత్తడంల్యా. ఎత్తినా, గుంపులో ఇప్పుడు మాకు చోటుండదు. ఇంగ ఈడ కూలి యాడుండాది? పత్తి అయిపాయ."

"ఉండు నువ్వు," అంది మారెమ్మ. ఆమె తిన్నె మీద కూర్చుని ఉల్లిపాయలు తరుగుతోంది. "మేడం, ఆ సముద్రం పక్క వాళ్ళు ఎవురు? సూపిచ్చు."

కృతి ఫోనులో ఒక వీడియో తెరిచి ఇచ్చింది. కిందటి వానాకాలం తను తీసినదే. నడుము లోతు నీళ్ళలో నిలబడి సుభద్రమ్మ అటక మీదికి బియ్యం డబ్బా ఎక్కిస్తోంది. మధ్యలో ఇటు తిరిగి, "నువ్వు తడిసిపోతావు, పైకెక్కమ్మా" అంటుంది. మారెమ్మ చేతులు తుడుచుకుని ఫోను దగ్గరగా పట్టుకుని చూసింది. అయిపోయాక మళ్ళీ పెట్టమంది.

"మాకు తుంగభద్ర వచ్చినప్పుడు ఇట్ల నిలబడేకి గూడ కాలేదు," అంది. "రెండువేల తొమ్మిదో సంవత్సరం. కొత్తగా పెండ్లై వచ్చింటి. పొద్దున వాకిట్లోకొచ్చిన నీళ్ళు, అన్నం ఉడికేలోపల కప్పుకు తగిలె. బడి మిద్దె మీద కూసుంటిమి. మా అత్త పెట్టె పెట్టె అని ఏడ్చె. ఆ పెట్టె ఇదే. బురదలో దొరికె." ఉరుకుందు తాడు కట్టిన పెట్టెను కాలితో చూపించింది. "అప్పుడు గూడ ఇండ్లు కట్టిస్తామనిరి. మాది గోడలదాకా లేసి నిలిచిపాయ."

ఫోను తిరిగి ఇచ్చింది.

"ఈమెకు సెప్పినారా, ఇల్లు ఆమెకేనని?"

"చెప్పాం."

"ఆమెకూ సెప్పినారు. మాకూ సెప్పినారు." మారెమ్మ మళ్ళీ కత్తి అందుకుంది. "రేపు వచ్చేటోళ్ళు చూసి పోయేదాకా ఉంటాంలే. ఒప్పుకున్నాం గదా."

ఉరుకుందు భార్య మొహం చూసి, పెట్టెకు కట్టిన తాడు విప్పాడు.

*

ముంబై నుంచి వచ్చినవాళ్ళు ముగ్గురు. వాళ్ళలో పెద్దామెకు అరవై దాటి ఉంటాయి. చేనేత చీర, పొట్టి జుట్టు, కాళ్ళకు బూట్లు. సుధన్వ ముందు నడుస్తూ డ్రమ్ములూ చట్రమూ, వరద వచ్చినప్పుడు ఇల్లు గుంజల వెంబడి పైకి లేచే తీరూ వివరిస్తున్నాడు. బసప్ప కొబ్బరి బోండాలు పట్టుకుని వెనక నిలబడ్డాడు. అందరూ పలక దాటి లోపలికి వచ్చారు. ఇల్లు కొంచెం దిగి, కుదురుగా నిలిచింది.

పెద్దామె తిన్నె మీద కూర్చుని చేత్తో నిమిరి చూసింది. ఆమెకు తెలుగు రాదు. ఇంగ్లీషులో అడిగిన మాటను కృతి మారెమ్మకు తెలుగులో చెప్పాలి, మారెమ్మ మాటను ఆమెకు ఇంగ్లీషులో చెప్పాలి. మారెమ్మ ఉతికిన చీర కట్టుకుని గోడకు ఆనుకుని నిలబడింది. బడి సెలవు కాబట్టి అశ్విని కూడా అక్కడే గుమ్మం దగ్గర ఉంది.

"నీళ్ళ మీద పడుకోడానికి భయం వేయలేదా అని అడుగుతున్నారు," అంది కృతి.

ఇప్పుడు మారెమ్మ జరిగిందంతా చెబుతుంది అనుకుంది. చెప్పాలనే కోరుకుంది. ప్రతి మాటా ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చెప్పాలని రాత్రే నిశ్చయించుకుంది.

"మొదటి దినం భయమాయ," అంది మారెమ్మ. "ఊగె. మూటలు పెట్టినాక ఊగలేదు. ఇల్లు మంచిగుండాది. మునగదు. ఆ సముద్రం పక్కోళ్ళకు ఇయ్యండి. సానా కష్టపడతాండారు పాపం, ఈ మేడం ఫోన్లో సూపిచ్చింది."

అంతే. సుధన్వ తేలికగా ఊపిరి వదిలాడు.

కృతి ఆ మాటల్ని ఇంగ్లీషులో చెప్పింది. చెప్పడం అయిపోయింది. కానీ ఆగలేకపోయింది. అదే గొంతుతో, అవీ మారెమ్మ మాటలే అన్నట్టు, కొనసాగించింది. ఈ ఇల్లు తమకే ఇస్తామని సంస్థ మనిషి చెప్పాడని, ఆ మాట నమ్మి తాము ఈ ఏడు వలస కూలికి పోలేదని, ఇప్పుడు ఇల్లూ లేదు, కూలీ లేదని, ఇది సంస్థ వల్ల జరిగిన అన్యాయమని చెప్పింది.

పెద్దామె తిన్నె మీద నుంచి చెయ్యి తీసేసింది. సుధన్వ వైపు తిరిగి మెల్లగా ఏదో అడిగింది. ఆయన మొహం వాడిపోయింది. ముగ్గురూ మారెమ్మను ఇంకో రకంగా చూశారు. పెద్దామె లేచి వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. మారెమ్మకు ఏమీ అర్థం కాలేదు. చెయ్యి లాక్కోవడం బాగుండదని అట్లాగే ఉంచింది.

వచ్చినవాళ్ళతో సుధన్వ కారుదాకా పోయాడు. అప్పుడు, బడిలో ఇంగ్లీషు మీడియం చదివే అశ్విని, తల్లి దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి, కృతికి వినబడేటట్టే అంది: "అమ్మా, నువ్వు సెప్పినంత గాదు, మేడం ఇంగా సానా సెప్పింది. మనల్ని మోసం చేసినారంట. మనకు కూలి గూడ లేదంట."

మారెమ్మ మొహంలో రక్తం పొంగింది. ఈ నాలుగు రోజుల్లో కృతి ఆమె కోపం చూడటం అదే మొదలు.

"నేను సెప్పమంటినా ఆ మాట?"

"నిజమే కదా అక్కా," అంది కృతి.

"నిజమే. నాది ఆ నిజం. యాడ సెప్పాల్నో, యాడ సెప్పగూడదో నేను సూసుకోవాల. ఊరుగాని ఊరోళ్ళ ముందర నన్ను అడుక్కునేదాన్ని చేస్తివి. అందుకే గదా ఆమె చెయ్యి పట్టుకునింది?" మారెమ్మ తిన్నె వైపు చెయ్యి చూపింది. "నేను బాగా మాట్లాడి పంపిచ్చాలనుకుంటి. నా ఇంటికొచ్చినట్ల అనుకుంటి, ఆ ఒక్క పూట."

కృతి వసారా గుంజ పట్టుకుని నిలబడింది. న్యాయం చేశాననుకున్న క్షణం నుంచి ఇక్కడికి పది అడుగులు కూడా లేవు. బసప్ప వీళ్ళను అడగకుండా మాట ఇచ్చాడు. తను అడగకుండా మాట చెప్పింది.

"నిన్ను అడగాల్సింది," అంది. "అడగలేదు."

మారెమ్మ అటు తిరిగింది. వచ్చినవాళ్ళు తాగి పెట్టిన గ్లాసులు ఏరి కడగడం మొదలుపెట్టింది.

సుధన్వ తిరిగి వచ్చాడు. ఎండలో నడిచి రావడం వల్ల చొక్కా తడిసింది. కృతి వైపు చూడకుండా ఉరుకుందుతో అన్నాడు: "ఇల్లు మీకే ఇచ్చేయమన్నారు. ఇచ్చేస్తున్నాం."

ఉరుకుందు మారెమ్మ వైపు చూశాడు. ఆమె చేతిలో గ్లాసు అట్లాగే ఉంది.

"వాళ్ళు జాలిపడి ఇచ్చేదైతే మాకొద్దు సార్," అంది.

"మారెమ్మా..." అన్నాడు ఉరుకుందు.

"ఉండప్పా. సార్, ఆ దినం మా వాకిట్లో నిలబడి ఈ బసప్ప ఇస్తామన్న్యాడు. ఆ మాటకు ఇస్తే తీసుకుంటాం. సంతోషంగా తీసుకుంటాం. మేము గూడ మా మాట నిలబెట్టుకున్నాం గదా, ఉంటామంటిమి, ఉంటిమి."

అందరూ బసప్ప వైపు తిరిగారు. అతను కొబ్బరి బోండాం కిందపెట్టి, చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు.

"అన్న్యాను సార్. నేనే అన్న్యాను, ఇల్లు మీదే అని."

"అయితే ఆ మాటకే," అన్నాడు సుధన్వ. "సంస్థ తరఫున చెప్పిన మాట అది. సంస్థ ఇస్తుంది."

మారెమ్మ తల ఊపి గ్లాసు బోర్లించింది. తర్వాత ఒక్కొక్క సంగతీ అడిగింది. ఎండాకాలం చెరువు అడుగంటితే ఇల్లు ఏమవుతుంది, తమ జాగాలో పెట్టుకోవచ్చా, నేల మీద డ్రమ్ములు చెడిపోవా. నది ఒడ్డున వాళ్ళ జాగాలో నాలుగు గుంజలు పాతి, నేల మీదే కూర్చోబెట్టి, వరద వస్తే గుంజల వెంట లేచేటట్టు చేయవచ్చని కృతి చెప్పింది. దానికి మళ్ళీ గీయాలి, మట్టి చూడాలి, గోవిందన్నతో మాట్లాడాలి. మారెమ్మ ఆమె మొహం వైపు చూడకుండానే వింది. ఉరుకుందు తను ఒక్కడే గుంటూరు పోయి చూస్తానన్నాడు. ఏ గుంపులోనో ఇంత చోటు దొరక్కపోదు, పాపా నువ్వూ ఈడే ఉండండి అన్నాడు.

*

సుధన్వ, కృతి చెరువుకట్ట మీదికి వచ్చారు.

"పని మంజూరయింది," అన్నాడు సుధన్వ. "కానీ తీరానికి ఇల్లు మళ్ళీ మొదటి నుంచి కట్టాలి. నిధులు వచ్చేసరికి వానలు దాటిపోతాయి."

"సుభద్రమ్మకు..."

"ఇప్పుడే ఎందుకు? మేలో అందరినీ కూర్చోబెట్టి నిదానంగా చెబుదాం."

నిదానంగా. ఆ మాట ఆయన మొన్న కూడా అన్నాడు. ఆయనకూ గుర్తొచ్చినట్టుంది. కట్ట మీది రాయిని బూటు కొసతో కదుపుతూ నిలబడ్డాడు.

"నేను ఇప్పుడే చెబుతాను సార్," అంది కృతి.

"చెప్పు," అన్నాడాయన. "కష్టమే. కానీ నువ్వు చెప్పడమే న్యాయం."

సుభద్రమ్మ రెండో సారికి ఫోను ఎత్తింది. వెనక గాలి హోరు, ఎవరో పిల్లలు.

"ఏమ్మా కృతీ, తేలిందా మన ఇల్లు?"

"తేలింది సుభద్రమ్మగారూ. కానీ అది మీకు రావట్లేదు."

అటు పిల్లల గోల దూరమైంది. ఆమె పక్కకు నడిచినట్టుంది. కృతి దాచకుండా చెప్పింది. ఇల్లు ఎవరికి పోతోందో, ఎందుకు పోతోందో, తన పొరపాటు ఎంత ఉందో చెప్పింది. ఈ వానాకాలానికి ఇంకో ఇల్లు రాదని కూడా చెప్పింది. వస్తుందేమో చూద్దాం అనే మాట నాలుక చివరదాకా వచ్చినా అనలేదు.

"ఆశ పెట్టుకున్నామమ్మా," అంది సుభద్రమ్మ. "మా ఆయన అటక కూడా బాగుచేయించకుండా వదిలేశాడు, కొత్త ఇల్లొస్తుంది కదా అని."

"తెలుసు."

"సర్లే. ఇంకా మాఘమాసమేగా. తాటాకు కోయించుకుంటాం, అటక ఎత్తు లేపించుకుంటాం. వానలు పడ్డాక చెప్పుంటే ఏం చేసేవాళ్ళం?" తర్వాత అడిగింది: "ఆళ్ళకీ ఏరు పక్కనేనా ఇల్లు?"

"అవును. తుంగభద్ర."

"పిల్లలున్నారా?"

"ఒక అమ్మాయి. ఏడో తరగతి."

"ఈతొచ్చా ఆ పిల్లకి?"

కృతికి తెలియదు. అడగాలని ఎప్పుడూ తట్టలేదు.

"తేలే ఇల్లయినా నీళ్ళ మీద ఇల్లేగా," అంది సుభద్రమ్మ. "ఆళ్ళమ్మకి చెప్పు, ముందు పిల్లకి ఈత నేర్పించమని. మా పేటలో నడక రాగానే నేర్పేస్తాం. నేను చెప్పానని చెప్పు."

కృతి ఫోను పెట్టేసి కట్ట దిగింది. మారెమ్మ వసారాలో కూర్చుని జొన్నలు చెరుగుతోంది. కృతి వచ్చి పలక దగ్గర ఆగింది. లోపలికి రమ్మని మారెమ్మ అనలేదు. పొమ్మని కూడా అనలేదు.

"సుభద్రమ్మకు చెప్పాను అక్కా, ఇల్లు మీకని. ఆమె నీకు ఒక మాట చెప్పమంది."

మారెమ్మ చేట ఆపింది. "ఏమని?"

"తేలే ఇల్లయినా నీళ్ళ మీద ఇల్లే, ముందు పిల్లకి ఈత నేర్పించమంది. వాళ్ళ పేటలో నడక రాగానే నేర్పేస్తారంట. తను చెప్పానని చెప్పమంది. అంతే. ఇంకేం అనలేదు."

మారెమ్మ ఆమె వైపు చాలాసేపు చూసింది. ఆ మాటలో ఇంకెవరి మాటైనా కలిసిందేమోనని చూస్తున్నట్టు ఉంది. తర్వాత లోపల పుస్తకం ముందు కూర్చున్న కూతురు వైపు తిరిగింది.

"ఇను, ఆమె ఏమంటాందో. ఈతంట." మళ్ళీ కృతి వైపు చూసింది. "ఎవురు నేర్పాల? నాకు రాదు, వాళ్ళ నాయనకు రాదు. నీకొచ్చునా మేడం?"

"రాదక్కా."

"నీళ్ళ మీద ఇండ్లు కడతావు, ఈత రాదా?" మారెమ్మ నవ్వింది. చేట పక్కన పెట్టి కొంచెం జరిగి కూర్చుంది. "ఆడ ఏంటికి నిలబడ్తావు ఎండలో. రా లోపలికి."